46 ఏళ్ళ స్నేహం: విలువా, అలవాటా?

ప్రశ్న
అడిగినవారు: ఆదివారం ఫోను

నాకు ఇప్పుడు 62 ఏళ్ళు. 16వ ఏట హాస్టల్లో పక్కపక్క మంచాలు దొరకడంతో మొదలైన స్నేహం ఒకటి నాకు ఉంది. చదువులయ్యాక ఉద్యోగాలు మమ్మల్ని చెరొక దిక్కుకు విసిరేశాయి. అయినా ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు వాడు ఫోను చేస్తాడు, నేను ఎత్తుతాను. ఈ క్రమం తప్పిన వారాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

చిక్కు ఏమిటంటే, మేము మాట్లాడుకునేది ఎప్పుడూ ఆ నాలుగైదు సంగతులే. హాస్టలు గోడ దూకి వార్డెనుకు దొరికిపోయిన రాత్రి, పరీక్షకు గంట ముందు హాల్‌టికెట్టు కనబడకుండా పోయిన ఉదయం, ఉన్న ఒక్క మంచి చొక్కాను ఇద్దరం వంతులు వేసుకుని ఇంటర్వ్యూలకు వెళ్ళిన వైనం. పోయిన నెల ఒక ఆదివారం, ఫోనును బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కి, పత్రిక చదువుకుంటూ ఊఁ కొడుతున్నానని నాకే హఠాత్తుగా తెలిసివచ్చింది. వాడు నవ్విన చోట నేనూ నవ్వాను. ఎక్కడ నవ్వాలో వినకుండానే నాకు తెలుసు. ఆ రోజంతా దొంగపని చేసినవాడిలా తిరిగాను.

వాడి అభిప్రాయాలకూ నా అభిప్రాయాలకూ ఇప్పుడు ఏ పొంతనా లేదు. దేశం గురించి గానీ, దేవుడి గురించి గానీ, పిల్లల పెంపకం గురించి గానీ వాడు అనే మాటల్లో సగం నాకు మింగుడు పడవు. దాచుకోకుండా చెప్పాలంటే, ఈ రోజు ఎవరైనా వాడిని నాకు కొత్తగా పరిచయం చేస్తే పది నిమిషాలు మర్యాదగా మాట్లాడి తప్పుకుంటాను. మరోపక్క, రెండేళ్ళుగా ఉదయపు నడకలో తోడు వస్తున్న ఒకాయన ఉన్నారు. రోజూ ముప్పావు గంట నడుస్తాం, ఏదో ఒక కొత్త విషయం మీద వాదించుకుంటాం, ఇంటికి ఉల్లాసంగా చేరతాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆరేళ్ళ క్రితం నాకు గుండె ఆపరేషను జరిగినప్పుడు వాడు రాలేదు. సెలవు దొరకలేదని ఫోనులో చెప్పాడు. అదే వారంలో ఒక బంధువుల పెళ్ళికి వెళ్ళాడని తరువాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. నేను అడగలేదు. నాకు తెలుసన్న సంగతి వాడికి తెలియదు.

ఇంత పాత స్నేహానికి, దాని వయసు కాకుండా, వేరే విలువ ఏమైనా ఉందా? లేక మానలేని అలవాటునే స్నేహమని పిలుచుకుంటున్నానా? సుభాషితాలు వద్దు, ఆలోచించి చెప్పగలరు.

సమాధానం 1
రాసినవారు: లెక్కల మనిషి

మీరు వేసిన ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు విడిపోతుందని నా నమ్మకం.

మొదటిది గంటల సంగతి. పరిచయం స్నేహంగా మారడానికి ఎన్ని గంటలు కలిసి గడపాలి అన్నదాన్ని జెఫ్రీ హాల్ అనే అమెరికన్ ఆచార్యుడు లెక్కగట్టే ప్రయత్నం చేశారు. 2018లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, పైపై స్నేహానికి సుమారు 50 గంటలు, స్నేహితుడని చెప్పుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 పైచిలుకు గంటలు పడతాయి. ఒకే చోట పని చేస్తూ గడిపిన గంటలు పెద్దగా లెక్కకు రావని, తీరిగ్గా కలిసి గడిపినవే పనికివస్తాయని కూడా అందులో తేలింది. ఈ లెక్కను మీకు అన్వయించి చూడండి. ఒకే గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్ళు 200 గంటలను మూడు వారాల్లో ఖర్చు చేసేస్తారు. అదే వారానికి ఒక గంట చొప్పున అయితే దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. పెద్దయ్యాక కొత్త స్నేహాలు కుదరవని అందరూ వాపోవడానికి మనసు గట్టిపడటం కారణం కాదు, తీరిక చిక్కకపోవడమే కారణం. మీ నడక మిత్రుడితో మీరు ఈపాటికి 400 గంటలు దాటించి ఉంటారు. అంటే ఆయన మీకు నిజంగానే దగ్గరివారు. ఆ మాట ఒప్పుకోవడానికి మొహమాటపడకండి. కాబట్టి గంటల విషయంలో పాత స్నేహానికి ప్రత్యేకమైన గొప్పతనం ఏమీ లేదు.

పోనీ, 46 ఏళ్ళు పెట్టాం కదా అన్నది కారణమా? అదీ కాదు. తిరిగిరాని ఖర్చును చూసుకుని ముందుకు ఇంకా పెట్టకూడదని ఆర్థికశాస్త్రం మొదటి పాఠాల్లోనే చెబుతుంది. ఆడని వ్యాపారానికి ఆ సూత్రం ఎంత వర్తిస్తుందో, ఎండిపోయిన స్నేహానికీ అంతే వర్తిస్తుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఏళ్ళు పూర్తిగా ఖర్చైపోలేదు, అవతలి మనిషి దగ్గర నిలవ ఉన్నాయి. దగ్గరగా బతికేవాళ్ళు జ్ఞాపకాలను పంచుకుని మోస్తారని, ఎవరికి ఏది గుర్తుంటుందో ఎరిగి ఒకరి మీద ఒకరు ఆధారపడతారని డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త 1980లలో ప్రతిపాదించారు. ఆయన ప్రధానంగా దంపతుల గురించి మాట్లాడారు. దాన్ని స్నేహితులకు పొడిగిస్తున్నది నేను. 16 ఏళ్ళ వయసులో మీరు ఎలా నడిచేవారు, దేనికి భయపడేవారు, మీ నాన్నగారు చూడడానికి వచ్చినప్పుడు మీ ముఖం ఎలా మారేది, ఇవేవీ మీకు తెలియవు, ఎందుకంటే మిమ్మల్ని మీరు బయటినుంచి చూసుకోలేదు. మీ హాస్టలు మిత్రుడు చూశారు. మీ నడక మిత్రుడికి మీరు ఆ రోజులను వర్ణించి చెప్పగలరు, అంతే. మీరు చెప్పినదాన్ని తప్పని దిద్దగలిగే మనిషి మాత్రం ఒక్కరే మిగిలారు.

బలమైన మానవ సంబంధాలు ఉన్నవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారని చెప్పే పరిశోధనలు కూడా ఉన్నాయి. 148 అధ్యయనాలను కలిపి చూసి 2010లో ప్రచురించినది వాటిలో పేరున్నది. కానీ అది సంబంధాలన్నిటి గురించీ చెప్పిన మాట, పాత స్నేహం గురించి ప్రత్యేకంగా చెప్పినది కాదు. పైగా ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ స్నేహితుడికి ఫోను చేయరు.

సమాధానం 2
రాసినవారు: తెంచుకున్న మనిషి

పై సమాధానం బాగుంది గానీ, మనల్ని చిన్నప్పటినుంచి చూసిన మనిషి అన్నది ఎప్పుడూ వరమే అన్నట్టు రాశారు. నా అనుభవం వేరు.

31 ఏళ్ళ స్నేహాన్ని నేను చేతులారా తెంచుకున్నాను. చిన్నతనంలో నాకు నత్తి ఉండేది. దాని మీద బడిలో ఒక పేరు పెట్టారు, అది నేనిక్కడ రాయను. నాకు జీవితంలో ఏ మంచి జరిగినా, పదోన్నతి వచ్చినా, కొత్త ఇల్లు కట్టుకున్నా, నలుగురూ చేరిన చోట నా స్నేహితురాలు ఆ పేరుతోనే పిలిచేది. ప్రేమతో పిలుస్తోందని ఇరవై ఏళ్ళు సరిపెట్టుకున్నాను. ఒక రోజు నా కూతురు ముందు పిలిచింది. నా కూతురు నా వైపు చూసిన చూపుతో ఆ ముచ్చట ముగిసింది. మన పాత రూపం ఎవరి దగ్గర నిలవ ఉందో వాళ్ళు దానితో ఏం చేస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. మనకు ఊతగా ఇచ్చేవాళ్ళు ఉన్నారు, ఎదగనివ్వకుండా కాలికి కట్టేసేవాళ్ళూ ఉన్నారు.

మీ ప్రశ్నను సరిగ్గా మీరు అడిగినట్టే అడిగిన వ్యక్తి ఒకరున్నారు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో రెండు భాగాలను పూర్తిగా స్నేహానికే కేటాయించాడు. ప్రయోజనం కోసం, సరదా కోసం, గుణం కోసం అంటూ స్నేహాన్ని మూడు రకాలుగా విడదీసిన మాట చాలామందికి తెలుసు. అంతగా ప్రచారంలో లేనిది తొమ్మిదో భాగంలో ఉంది. ఇద్దరిలో ఒకరు బుద్ధిలో చిన్నపిల్లవాడిగానే ఉండిపోయి, రెండోవారు ఎదిగిపోతే, ఇద్దరికీ ఒకే విషయాలు నచ్చనప్పుడు, ఒకే విషయాలకు బాధ కలగనప్పుడు, వాళ్ళు స్నేహితులుగా ఎలా ఉంటారని అడుగుతాడు. ఉండలేరనే ఆయన మొగ్గు. కానీ అక్కడితో ఆగడు. విడిపోయినంత మాత్రాన ఎన్నడూ ఎరగని మనిషితో ఉన్నట్టు ఉండకూడదని, మితిమీరిన దుర్మార్గం వల్ల తెగిపోయినది కాకపోతే, గతంలోని చనువును గుర్తుంచుకుని పాత స్నేహితుడికి పరాయివాడికన్నా ఎక్కువ చోటు ఇవ్వాలని అంటాడు. (ఎదిగినది తానేనని ఇద్దరూ అనుకుంటే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. మీ మిత్రుడు మీ గురించి ఏమనుకుంటున్నారో ఒకసారి ఊహించుకోండి.)

నేను తెంచుకున్నందుకు పశ్చాత్తాపపడలేదు. మీది మాత్రం ఆ కోవకు చెందిన సంగతిగా నాకు కనిపించడం లేదు. మీ మిత్రుడు మీకు విసుగు పుట్టిస్తున్నారు, హాని చేయడం లేదు. విసుగు గురించి మీరు రెండు పేరాలు రాశారు, ఆపరేషను గురించి ఆరు వాక్యాలు. ముల్లు ఎక్కడుందో చదివేవారికి తెలిసిపోతూనే ఉంది.

సమాధానం 3
రాసినవారు: ఏడు పదులు దాటినవాడు

నాయనా, నాకు 74 ఏళ్ళు. 58 ఏళ్ళ స్నేహితుడు పోయిన ఏడాది కాలం చేశాడు. మీరు సుభాషితాలు వద్దన్నారు కాబట్టి భర్తృహరిని ఒక్క వాక్యంలో ముగిస్తాను: దుర్జనుడి మైత్రి పొద్దుటి నీడలాంటిది, మొదట పొడుగ్గా ఉండి తరిగిపోతుంది; సజ్జనుడిది మధ్యాహ్నం దాటాక పడే నీడ, చిన్నగా మొదలై పెరుగుతుంది. ఆ పద్యం నాకు చిన్నప్పుడే నోటికి వచ్చు. సాయంకాలపు నీడ ఎంత పొడుగైనా ఆ వెనుకనే చీకటి పడుతుందన్న సంగతి మాత్రం ఇప్పుడే తట్టింది.

వాడు పోయిన రెండు నెలలకు పాత పెట్టె సర్దుతుంటే ఒక ఫోటో బయటపడింది. ఐదుగురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. నేను, వాడు, మరో ఇద్దరు తెలుసు. చివరన చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండకు కళ్ళు చికిలించుకున్న కుర్రాడు ఎవరో గుర్తుకు రాలేదు. వాడిని అడుగుదామని ఫోను తీసి, పేరు మీద వేలు పెట్టాక గుర్తుకు వచ్చింది. తెలిసిన మిగతా ఇద్దరూ ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆ కుర్రాడి పేరు ఇక ఈ భూమి మీద ఎవరికీ తెలియదేమో. పేరు తెలియకపోతే కొంప మునిగేది ఏమీ లేదు, అయినా మూడు రోజులు నిద్ర పట్టలేదు.

ఇంకొక చిన్న సంగతి చెబుతాను, నవ్వకండి. ఇప్పుడు నన్ను లోకమంతా ‘మీరు’ అంటుంది. భార్య ‘ఏమండీ’ అంటుంది, పిల్లలు ‘నాన్నగారూ’ అంటారు, బ్యాంకులో కుర్రాడు ‘పెద్దాయనా’ అంటాడు. ‘ఒరేయ్, నీ మొహం, నీకేం తెలుసురా’ అనేవాడు వాడొక్కడే. అమ్మానాన్నలు పోయాక ఆ ఏకవచనం వాడి నోట్లోనే బతికి ఉంది. గౌరవం ఎంతైనా సంపాదించుకోవచ్చు గానీ, 70 దాటాక మనల్ని ‘ఒరేయ్’ అనే కొత్త మనిషిని ఎక్కడినుంచి తెచ్చుకుంటాం? మీ నడక మిత్రుడు మిమ్మల్ని ఏమని పిలుస్తారో గమనించారా?

పాత కథలే మళ్ళీ మళ్ళీ చెబుతాడని అన్నారు. మావాడూ అంతే. నేనూ అంతే అయి ఉంటాను, మనం చెప్పేవి మనకు కొత్తగానే వినిపిస్తాయి కదా. ఆ కథల్లో కొత్త సమాచారం ఏమీ ఉండదు. ఇంట్లో వాళ్ళు పడుకునే ముందు తలుపులు మరోసారి లాగి చూస్తారు చూడండి, అలాంటిదది. గడియ పడిందని తెలుసు, అయినా లాగి చూస్తాం.

సమాధానం 4
రాసినవారు: ఉత్తరాల పిచ్చివాడు

అభిప్రాయాలు కలవకపోవడాన్ని మీరు పెద్ద లోటుగా లెక్కవేస్తున్నారు. చరిత్రకెక్కిన ఒక స్నేహాన్ని చూపిస్తాను. ఛార్లెస్ డార్విన్, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ దాదాపు 40 ఏళ్ళ పాటు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. సుమారు 1,400 ఉత్తరాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. జీవజాతులు మార్పు లేనివి కావన్న నమ్మకం తనకు కుదురుతోందని, ఈ మాట చెప్పడం హత్యను ఒప్పుకున్నట్టు ఉందని 1844 జనవరి 11న డార్విన్ హుకర్‌కు రాశాడు. అప్పటికి వాళ్ళ ఉత్తరాల పరిచయానికి నిండా ఏడాది కూడా లేదు. హుకర్ ఆ సిద్ధాంతాన్ని వెంటనే ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి సందేహాలు వేస్తూ, మొక్కల వివరాలు పంపుతూ, లోపాలు పట్టుకుంటూ పోయాడు. బహిరంగంగా సమర్థించింది 1859లో.

మధ్యలో 1858 ఉంది. వాలెస్ అనే మరో శాస్త్రవేత్త అదే ఆలోచనతో వ్యాసం పంపడంతో డార్విన్‌కు కాళ్ళ కింద నేల కదిలింది. అదే రోజుల్లో ఆయన పసికొడుకు జ్వరంతో చనిపోయాడు. ఏం చేయాలో పాలుపోని స్థితిలో కాగితాలన్నీ స్నేహితుల చేతిలో పెట్టేశాడు. జులై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలనూ కలిపి చదివే ఏర్పాటు చేసింది హుకర్, మరో స్నేహితుడైన భూగర్భశాస్త్రవేత్త లయెల్. ఆ సభకు డార్విన్ వెళ్ళనే లేదు. 1882లో డార్విన్ శవపేటికను మోసినవారిలో హుకర్ ఒకడు.

నేను ఇందులో చూసేది ఏకాభిప్రాయాన్ని కాదు. ఇంకెవరికీ చెప్పలేని మాటను చెప్పగలగడం, అవతలివాడు ఒప్పుకోకపోయినా లేచి వెళ్ళిపోకపోవడం, ఇవే నాకు కనిపిస్తున్నాయి. మీరు ఆరేళ్ళుగా ఒక మాటను మీ మిత్రుడి దగ్గర దాచి, ముక్కూమొహం తెలియని మా అందరికీ చెప్పారు. మీ ఆదివారాల్లో కొత్త విషయం ఏమీ లేదన్నారు గానీ, ఆ విషయం మీ దగ్గరే ఉండిపోయింది.

అడిగినవారి జవాబు
రాసినవారు: ఆదివారం ఫోను

అందరికీ నమస్కారం. ఆలస్యానికి మన్నించండి, మధ్యలో రెండు ఆదివారాలు గడిచాయి.

మొదటి ఆదివారం వాడు గోడ దూకిన కథ మొదలుపెట్టగానే ఆపి, ఆపరేషను సంగతి అడిగేశాను. ఎలా అడగాలో రాత్రంతా వాక్యాలు పేర్చుకున్నాను గానీ, నోటికి వచ్చింది మాత్రం ‘పెళ్ళి భోజనం బాగుందట్రా?’ అన్న ముక్క. చాలాసేపు అవతలినుంచి ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. ‘పెళ్ళికి వెళ్ళాను. ఆసుపత్రికి రాలేకపోయాను. రెండూ నిజమే’ అన్నాడు. ఎందుకని అడిగితే, వాళ్ళ నాన్నను అదే ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళిన రోజున తాను బయట బల్ల మీద కూర్చుని ఉన్నానని, అలాంటి బల్ల మీద మళ్ళీ కూర్చోవడం తన వల్ల కాదనిపించిందని చెప్పాడు. వాళ్ళ నాన్న ఆ ఆపరేషనులోనే పోయారన్న సంగతి నాకు తెలుసు. ఈ రెండింటినీ కలిపి చూడాలని మాత్రం ఆరేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. అది సరైన కారణమేనా అంటే, పూర్తిగా కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. వాడు రావలసింది. ఆ మాటే వాడితో అన్నాను. ‘రావలసిందే’ అని ఫోను పెట్టేశాడు.

పెద్దాయనకు ఒక జవాబు బాకీ ఉన్నాను: నడక మిత్రుడు నన్ను ‘సార్’ అంటారు. నేనూ ఆయన్ని ‘సార్’ అనే అంటాను.

రెండో ఆదివారం తొమ్మిదైంది, ఫోను రాలేదు. తొమ్మిదింపావు అయింది. పత్రిక ముందు పేజీనే నాలుగుసార్లు చదివాను. తొమ్మిది ఇరవైకి నేనే చేశాను. నా అంతట నేను వాడికి ఆదివారం ఫోను చేసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. మొదటి రింగుకే ఎత్తాడు.

‘ఏంట్రా, ఇరవై నిమిషాలు ఆలస్యం?’ అన్నాడు.